పళ్ళెం ఎక్కే వ్యవధి: కూచిపూడి పాటలు రికార్డు చేయించిన ఒక చెన్నై స్టూడియో గురించి

చెన్నైలో నేను ఇరవై మూడేళ్ళుగా కూచిపూడి నేర్పుతున్నాను. మా దగ్గర పన్నెండేళ్ళు నేర్చుకున్న ఒక అమ్మాయి రంగప్రవేశం (తొలి పూర్తి ప్రదర్శన) కోసం మొన్న వేసవిలో కార్యక్రమం పాటలన్నీ ఒక స్టూడియోలో రికార్డు చేయించాము. వడపళనికీ సాలిగ్రామానికీ మధ్య, పెద్ద రోడ్డు నుంచి రెండు మలుపులు లోపలికి వెళ్తే, ఒక ఇంటి రెండో అంతస్తులో ఉంటుంది ఆ స్టూడియో. అక్కడ మాకు ఎదురైన మంచీ చెడూ నాలాగా నృత్యం నేర్పేవాళ్ళకు, పాట రికార్డు చేయించాలనుకునే తెలుగు కుటుంబాలకు పనికివస్తాయని ఈ సమీక్ష రాస్తున్నాను. స్టూడియో పేరు మాత్రం రాయడం లేదు. అక్కడ జరిగిన పొరపాటు ఆ ఒక్క చోటిది కాదు. సినిమా పాటల కోసం అలవాటైన పని పద్ధతిని శాస్త్రీయ సంగీతానికి కూడా అలాగే వర్తింపజేయడం వల్ల ఎక్కడైనా జరగగలిగినది. పైగా దాన్ని సరిదిద్దడానికి ఆ ఇంజనీరు యువకుడు పడిన శ్రమ చూశాక, ఒక పేరు పక్కన ఫిర్యాదు మిగిలిపోవడం నాకు ఇష్టం లేదు.

రంగప్రవేశానికి పక్కవాద్యాలు ఎదురుగా కూర్చోవాలనే నేను ఎప్పుడూ కోరుకుంటాను. కానీ గాత్రం, నట్టువాంగం (చేతి తాళాలు వేస్తూ, తకిట లాంటి జతులు పలుకుతూ నాట్యాన్ని నడిపించడం), మృదంగం, వయొలిన్, వేణువు అని అయిదుగురిని రెండు గంటల కార్యక్రమానికీ, అంతకు ముందు కనీసం నాలుగు రిహార్సళ్ళకూ పిలవడం జీతం మీద బతికే కుటుంబానికి పెద్ద భారం. రంగప్రవేశం అయ్యాక ఆ అమ్మాయి ఊళ్ళలో గుడి ఉత్సవాలకు వెళ్తే అక్కడ ఇచ్చేది పదిహేను నిమిషాలు, అడిగేది పెన్ డ్రైవ్. అందువల్ల రికార్డింగ్ వద్దని వాదించే స్థితిలో నేను లేను. ఆ రికార్డింగ్ ఎలా ఉండాలన్నదే నా బాధ అంతా.

స్టూడియో చిన్నదే, కానీ శ్రద్ధగా కట్టారు. అయిదారుగురు కూర్చోగల ఒక గది, దాని పక్కన మృదంగానికి విడిగా అద్దం తలుపు ఉన్న మరో గది, గోడలకు దళసరి గుడ్డ చుట్టిన పలకలు. వెలుపల వీధిలో ఆటోలు తిరుగుతున్నా లోపలికి చప్పుడు రాదు. మృదంగం కుడివైపు మీట్టు గలగలలాడకుండా, ఎడమవైపు గుమికి బరువు తగ్గకుండా మైకులు పెట్టడంలో ఆ యువకుడికి నిజమైన నేర్పు ఉంది. ఆ విషయంలో మా మృదంగ విద్వాంసులు కూడా తృప్తిపడ్డారు. కూర్చోవడానికి చాపలు అడిగితే మరుసటి రోజుకు కొత్తవి తెప్పించాడు. మేము గంటకు 1,000 రూపాయల చొప్పున ఇచ్చాము. మిక్సింగుకు పాట లెక్కన విడిగా ఇచ్చాము. మూడు రోజుల్లో ఒక దరువు, ఒక జతిస్వరం, తోడి రాగంలో అభినయానికి ఒక పదం, మోహన రాగంలో పళ్ళెం మీద నాట్యం ఉండే ఒక తరంగం, చివర మంగళం పూర్తయ్యాయి.

ఆ ప్రాంతంలో స్టూడియో మెట్లు ఎక్కే ప్రతిసారీ నాకు పాత సంగతులు గుర్తుకొస్తాయి. ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియోల షూటింగ్ ఫ్లోర్లు ఉన్న వడపళని స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. తెలుగు సినిమా పాటలు మద్రాసులో పుట్టిన ఆ రోజుల్లో గాయకులూ వాద్యకారులూ ఒకే హాలులో కూర్చుని ఒకే సారి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఆ పద్ధతిలో ఎంత కష్టం ఉందో, ఒకరి ఊపిరిని మరొకరు వింటూ పాడడంలో అంత బలమూ ఉంది. ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క రోజు వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, అందులో టిక్కు టిక్కుమనే క్లిక్‌ను పట్టుకుని తమ భాగం వాయించి వెళ్ళిపోతారు. మా పాటలు కూడా మొదట అలాగే రికార్డయ్యాయి. మొదటి పాట అయ్యాక మృదంగ విద్వాంసులు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, "ఇది నాకు తాళం వెయ్యడం లేదమ్మా, నాకు కాపలా కాస్తోంది" అన్నారు. అప్పటికి ఆ మాటను నేను అంత పట్టించుకోలేదు.

రెండు వారాలకు పాటలు చేతికొచ్చాయి. మొదటిసారి ఇంట్లో మంచి స్పీకర్లలో విన్నప్పుడు చాలా సంతోషించాను. ప్రతి వాద్యం విడివిడిగా, శుభ్రంగా, ఎక్కడా గరగర లేకుండా వినిపించింది. మరుసటి రోజు సాయంత్రం క్లాసులో పెట్టి, అమ్మాయిని తరంగం చెయ్యమన్నాను.

తరంగంలో పళ్ళెం గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. చరణం ముగిశాక నర్తకి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడుతుంది. ముందు కుడి పాదం వేళ్ళు అంచును ముడుచుకుని పట్టుకోవాలి, తరువాత ఎడమ పాదం వేళ్ళు, ఆపైన నడుము నిలదొక్కుకుని, మోకాళ్ళు వంచి, బరువు సమంగా పంచుకున్నాకే మొదటి జతికి పళ్ళెం కదులుతుంది. ఈ పనికి పట్టే సమయం తాళంలో లెక్క కట్టి ఉండదు. చరణం చివర ముక్తాయింపు (ముగింపు లయవరుస) పడ్డాక గాయకురాలు ఆఖరి అక్షరాన్ని కాస్త నిలుపుతుంది, మృదంగం మెల్లగా గుమికిలు ఇస్తుంది, నట్టువాంగం చేసేవారు తాళాలు చేతిలో పట్టుకుని పాటను కాదు, ఆ అమ్మాయి పాదాలనే చూస్తూ ఉంటారు. ఎడమ కాలి బొటనవేలు అంచును పట్టిన క్షణాన మొదటి తాళం పడుతుంది. ఒక రోజు అది రెండు సెకన్లు, ఒక రోజు మూడు. నేల తడిగా ఉంటే ఇంకొంచెం.

రికార్డింగులో ఆ ఖాళీ లేదు. రికార్డింగ్ రోజున నేనే నట్టువాంగం చేశాను. ఆ చోట రెండు సెకన్లకు పైగా ఆగినట్లు నాకు స్పష్టంగా గుర్తుంది. ఇంజనీరు ఆ చోటును చూసి, అక్కడేదో పొరపాటున ఆగిపోయారనుకుని, తరువాతి జతిని ముందుకు జరిపి తాళం గీత మీద కూర్చోబెట్టాడు. నిమిషానికి 80 తాళాక్షరాల వేగంలో ఒక అక్షరానికి పట్టేది ముప్పావు సెకను. మిగిలిన వ్యవధి అంతే. అమ్మాయి కుడి పాదం పెట్టింది. ఎడమ పాదం ఇంకా గాలిలో ఉండగానే జతి మొదలైపోయింది. తొందరపడి బరువు వేసింది, పళ్ళెం పక్కకు జారి గోడకు తగిలింది, అమ్మాయి చేతులు నేలకు ఆనించి నిలదొక్కుకుంది. దెబ్బ తగల్లేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే జరిగింది. "అక్కా, పాట నాకోసం ఆగడం లేదు" అంది.

ఆ సాయంత్రం నుంచి ఆ రికార్డింగును నేను వేరే చెవితో వినడం మొదలుపెట్టాను. విన్నకొద్దీ విషయాలు బయటపడ్డాయి.

దరువులో ఒక చోట జతి తిశ్రగతిలో నడుస్తుంది: తకిట తకిట అని అక్షరానికి మూడు. ఆ మూడు దెబ్బలు సమాన దూరంలో పడాలి. రికార్డింగులో అవి కుంటుతున్నట్లు వినిపించాయి. కారణం తరువాత స్టూడియోలో తెర మీద చూశాకే తెలిసింది. వాయించిన ప్రతి దెబ్బను దగ్గరలో ఉన్న గడి గీత మీదికి జరిపే ఒక సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, దాన్ని క్వాంటైజ్ అంటారు. ఆ గడులు అక్షరానికి నాలుగు చొప్పున, అంటే చతురశ్రానికి సరిపోయేలా గీసి ఉన్నాయి. 80 వేగంలో తిశ్రం రెండో దెబ్బ 250 మిల్లీసెకన్ల దగ్గర పడాలి. అక్కడికి దగ్గరి గడి గీత 187 మీద ఉంది. మూడో దెబ్బ 500 దగ్గర పడాలి. దాని దగ్గరి గీత 562 మీద ఉంది. అంటే యంత్రం రెండో దెబ్బను 62 మిల్లీసెకన్లు త్వరగా, మూడోదాన్ని అంతే ఆలస్యంగా పడేలా జరిపింది. నలభై ఏళ్ళు మృదంగం వాయించిన చెయ్యి సరిగ్గా వేసిన తకిటను "సరిచేసి" తప్పుగా మార్చింది. ఆ విద్వాంసులకు ఇది వినిపించినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

పదంలో జరిగింది ఇంతకన్నా సూక్ష్మం. పదానికి అభినయం చేసేటప్పుడు పల్లవిని నాలుగైదు సార్లు పాడతారు. మాట అదే, రాగం అదే, కానీ నాయిక మొదటిసారి అడుగుతుంది, రెండోసారి నిష్ఠూరమాడుతుంది, మూడోసారి తనలో తాను అనుకుంటుంది. గాయకురాలు దానికి తగినట్లు ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట బరువు వేస్తుంది. మా గాయకురాలు అలాగే పాడింది. కానీ చేతికొచ్చిన పాటలో నాలుగుసార్లూ ఒకటే పల్లవి. ఎలా తెలిసిందంటే, మొదటి పల్లవికి ముందు ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు పెదవులు విడివడిన చిన్న చప్పుడు ఒకటి ఉంది. నాలుగు పల్లవులకూ ముందు అదే చప్పుడు, అదే నిడివి, అదే చోట. అన్నింట్లో "బాగా వచ్చిన" పల్లవిని ఎంచుకుని మిగిలిన మూడు చోట్లా అతికించారు. మూడోసారి తలుపు చాటున నిలబడి తనలో తాను అనుకోవలసిన మాటను మా అమ్మాయి మొదటిసారి అడిగిన గొంతుతోనే అభినయించాల్సి వచ్చింది. ఆమె కళ్ళు ఒకటి చెబుతుంటే పాట ఇంకొకటి చెప్పింది.

ఇక తోడి గాంధారం. పాట వినే అలవాటున్న తెలుగువాళ్ళకు దీని గురించి వివరించనక్కర లేదు కానీ, స్టూడియోకు వెళ్ళేవాళ్ళు దీన్ని మాటల్లో చెప్పగలగాలి కాబట్టి రాస్తున్నాను. తోడిలో గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు. రిషభం వైపుకూ మధ్యమం వైపుకూ ఊగుతూ ఉండే ఆ కంపితమే గాంధారం. ఊపు తీసేస్తే మిగిలేది హార్మోనియం మెట్టు మాత్రమే, తోడి కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథంలో స్వరాల మీద గమక చిహ్నాలు (స్వరం ఊగే తీరును చూపే గుర్తులు) ప్రత్యేకంగా వేయించింది ఇందుకే. స రి గ మ అని అక్షరాలు మాత్రమే రాస్తే పాట కాగితం మీదికి రాదని ఆయన గ్రహించారు. స్వరం ఎక్కడుందో ఎంత ముఖ్యమో, అక్కడికి ఎలా చేరింది, అక్కడ ఎలా కదిలింది అన్నవీ అంతే ముఖ్యం.

పాడిన స్వరం ఎత్తును, అంటే స్థాయిని, సరిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఈ కదలిక దోషంగా కనిపిస్తుంది. ఆ వర్గంలో అందరికీ తెలిసిన ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కోసం భూమి లోపలికి ధ్వని తరంగాలు పంపి, తిరిగి వచ్చిన సంకేతాలను విశ్లేషించే పని చేసినవాడు. ఆ గణితాన్నే గొంతు స్థాయిని పసిగట్టడానికి వాడుకున్నాడు. అది చాలా గొప్ప తెలివి, అందులో సందేహం లేదు. పాడిన స్వరం ఏ మెట్టుకు దగ్గరగా ఉందో చూసి అటు లాగడం దాని పని. ఎంత వేగంగా లాగాలో ఒక మీటతో నిర్ణయిస్తారు. స్వరాలను కదలకుండా నిలిపి పాడే సంగీతానికి సరిపడే పద్ధతి అది. మన గాంధారం విషయంలో ఊపులో ఉన్న ప్రతి కొస దాని కంటికి "తప్పిన స్వరం". మా పదంలో మీట మరీ వేగంగా పెట్టలేదు కాబట్టి రోబో గొంతులా వినిపించలేదు. అందుకే మొదట నేనూ పట్టుకోలేకపోయాను. గాంధారం ఊపు సగానికి తగ్గి, నీళ్ళు కలిసిన పాలలా పలచబడింది. గాయకురాలికి ఫోన్ చేసి వినిపిస్తే, "అక్కా, ఈ గొంతు నాదే, కానీ నేను ఇలా పాడలేదు" అంది. ఆ మాట నిజం.

మోహన తరంగం కింద ఇంజనీరు మమ్మల్ని అడగకుండా నిండుతనం కోసం కీబోర్డు శ్రుతి కూడా కలిపాడు. కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద సెంట్లుగా లెక్కిస్తారు, దాని గాంధారం షడ్జమానికి 400 సెంట్ల ఎత్తులో ఉంటుంది. తంబురా మంద్ర తంత్రి మీటినప్పుడు తనంతట తానే పలికే గాంధారం సుమారు 386. గాయకురాలు తంబురాను విని పాడింది. 14 సెంట్ల తేడా చిన్నదే, అయినా నిలిపి పాడిన ప్రతి గాంధారం దగ్గరా రెండూ రాసుకుని ఏదో చిరాకు కలిగింది. కీబోర్డు తీసెయ్యమన్నాక ఆ చిరాకు పోయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనిషి చేసిన ప్రతి పొరపాటునూ ముచ్చటగా చూసుకునేదాన్ని కాను నేను. కాలప్రమాణం పరుగెత్తితే క్లాసులో కర్రతో ఆపేదాన్ని నేనే. శ్రుతి జారితే అది జారినట్లే, దానికి భావం అని పేరు పెట్టకూడదు. మూడో రోజు సాయంత్రం, ఆరు గంటలు పాడి అలసిన గొంతుతో, మంగళంలో తారస్థాయి షడ్జమం ఒకటి గాయకురాలికి కొంచెం తగ్గింది. మళ్ళీ పాడించే ఓపిక ఎవరికీ లేదు. ఇంజనీరు ఆ ఒక్క స్వరాన్ని మెలొడైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, స్వరం మధ్యభాగం ఎత్తును మాత్రం పైకి జరిపి, దాని సహజమైన కదలికను తాకకుండా వదిలాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండింటినీ విడిగా పట్టుకోవచ్చు. విన్న ఎవ్వరూ కనిపెట్టలేరు, గాయకురాలు కృతజ్ఞత చెప్పింది. వయొలిన్ మీద విల్లు తగిలిన ఒక కీచును, పల్లవి మధ్య ఒక దగ్గును కూడా అంత శుభ్రంగానే తీసేశాడు. సాంకేతికతకు నేను దండం పెట్టే చోట్లు ఇవి. అలసట వల్ల తగ్గిన షడ్జమాన్నీ, తరతరాలుగా నేర్పుతూ వచ్చిన గాంధారపు ఊపునూ యంత్రం ఒకే కొలబద్దతో కొలుస్తుంది. రెండూ దానికి గీత నుంచి తప్పినవే. ఏది దిద్దాలి, ఏది ముట్టకూడదు అని చెప్పాల్సింది పక్కన కూర్చున్న మనిషి. ఆ రెండు వారాలూ ఆ మనిషి పక్కన నేను లేకపోవడమే అసలు లోపం.

అందుకే మళ్ళీ స్టూడియోకు వెళ్ళాను. ఒక్కదాన్నే కాదు, అమ్మాయినీ పళ్ళేన్నీ తీసుకుని వెళ్ళాను. ఇంజనీరు నెల్లూరు వైపు అబ్బాయి, సినిమా పాటల మిక్సింగులో నాలుగేళ్ళ అనుభవం ఉంది. కూచిపూడి అంతకుముందు దగ్గరగా చూడలేదు. మాటలతో చెబితే సగమే అర్థమవుతుందనిపించి, పెద్ద గదిలో చాపలు చుట్టి పక్కన పెట్టించి, అమ్మాయిని పళ్ళెం ఎక్కమన్నాను. తను పంపిన పాటనే వేశాము. ఎడమ కాలు గాలిలో ఉండగా జతి పడింది. అమ్మాయి పళ్ళెం మీద నుంచి దిగిపోయింది. అబ్బాయి పాట ఆపేసి కొంతసేపు ఆ పళ్ళెం అంచునే చూశాడు. తరువాత, "అమ్మా, తెర మీద ఖాళీ కనిపిస్తే మూసెయ్యాలనే నాకు నేర్పారు. అక్కడ ఒక మనిషి నిలబడుతుందని నాకు తెలియదు" అన్నాడు. ఆ తరువాత అతనితో నాకు ఏ వాదనా రాలేదు.

తరంగాన్ని పూర్తిగా మళ్ళీ రికార్డు చేద్దామని అతనే అన్నాడు. స్టూడియో గంటలకు మాత్రం డబ్బు తీసుకోనన్నాడు. వాద్యకారులకు మేమే ఇచ్చుకున్నాము. ఈసారి క్లిక్ వద్దన్నాము. అందరూ ఒకే గదిలో కూర్చున్నారు, మధ్యలో అమ్మాయి గజ్జెలు విప్పేసి పళ్ళెం మీద నాట్యం చేసింది, గజ్జెల మోత మైకుల్లోకి వెళ్ళకుండా. అబ్బాయికి ఒక భయం ఉండేది: ఒకే గదిలో వాయిస్తే మృదంగం శబ్దం గాయకురాలి మైకులోకి, వేణువు వయొలిన్ మైకులోకి వెళ్ళిపోతాయి, తరువాత ఒకరి తప్పును విడిగా దిద్దడం కుదరదు. ఆ భయం సరైనదే. మైకుల దిక్కులు మార్చి, మృదంగానికి గాయకురాలికీ మధ్య ఒక పలక నిలబెట్టి, ఆ కలయికను తగినంతకు తగ్గించాడు. మూడుసార్లు పాడారు, మూడోది ఉంచాము. అందులో పల్లవిలో 80 దగ్గర మొదలైన వేగం పళ్ళెం దిగే సమయానికి 84 చేరింది. ఇంజనీరు కొలిచి చెప్పాడు, నేను అలాగే ఉంచమన్నాను, ఎందుకంటే అందరూ కలిసే పెరిగారు, అమ్మాయి పాదాలు అడిగినంతే పెరిగారు. అదే రోజు రెండో ప్రయత్నంలో చరణం దగ్గర గాత్రం ఒక్కటే ముందుకు పరుగెత్తింది. దాన్ని వదిలేశాము, అది తప్పు.

స్టూడియోలో కూర్చున్నప్పుడు ఆ అబ్బాయి నాకు ఇంకో సంగతి చూపించాడు. దెబ్బలన్నిటినీ గీతల మీద కూర్చోబెట్టాక పాట జీవం లేనట్లు వినిపిస్తే, మళ్ళీ కాస్త అటూ ఇటూ కదిలించడానికి హ్యూమనైజ్ అనే బొత్తం ఉంటుందట. నాకు ఆసక్తి కలిగి దాని గురించి చదివాను. జర్మనీలోని గోటింగెన్‌లో పనిచేసిన పరిశోధకుల బృందం 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మనుషులు లయ వాయించేటప్పుడు వచ్చే తేడాలు చెదురుమదురుగా ఉండవని, ఇప్పటి దెబ్బలోని తేడాకూ చాలా దెబ్బల తరువాత వచ్చే తేడాకూ సంబంధం ఉంటుందని చూపించారు. ఊరికే పాచికలు వేసినట్లు కదిలించిన పాట కన్నా, అలా పరస్పర సంబంధం ఉన్న తేడాలతో ఉన్న పాటనే విన్నవాళ్ళు ఇష్టపడ్డారు. అది చదివాక మా మృదంగ విద్వాంసులు గుర్తొచ్చారు. ఆయన ఒక దెబ్బను కాస్త ఆలస్యం చేస్తే ఆ ఆలస్యం రెండు ఆవర్తనాల (తాళం చుట్ల) తరువాత ముక్తాయింపులో తీరుతుంది. అప్పు చేసి వడ్డీతో తీర్చినట్లు. బొత్తానికి ఆ అప్పు ఎవరికి బాకీ ఉందో తెలియదు.

పదాన్ని మళ్ళీ పాడించలేదు. మొదటి రోజు పాడిన నాలుగు పల్లవులూ డిస్కులో భద్రంగా ఉన్నాయి. వాటిని వెతికి తీసి, అతికించిన చోట్లలో అసలువి పెట్టాడు, స్థాయి దిద్దుబాటు పూర్తిగా తీసేశాడు. గాంధారం తిరిగి వచ్చింది. దరువులో తిశ్రగతి జతి చోట గడుల దిద్దుబాటు తీసేస్తే సరిపోయింది, మృదంగం అసలు ఎక్కడా తప్పలేదు కాబట్టి. మొత్తం ఈ పనికి రెండు పూటలు పట్టింది.

ఇప్పుడు ఈ స్టూడియోకు వెళ్ళమని చెబుతానా అంటే, చెబుతాను. శబ్దం నాణ్యత, మైకుల నేర్పు, ధర, ముఖ్యంగా విని మార్చుకునే స్వభావం, ఇవన్నీ అక్కడ ఉన్నాయి. అయితే ఇక్కడికైనా, నగరంలో మరే స్టూడియోకైనా వెళ్ళేవాళ్ళు మొదటి రోజే కొన్ని మాటలు తేల్చుకోవాలి. పరికరాల జాబితా అడగడం కన్నా, మిక్సింగు రోజున మనం పక్కన కూర్చోవచ్చా అని అడగడం ముఖ్యం. దానికి కాదంటే అక్కడికి వెళ్ళకండి. స్థాయి దిద్దుబాటు మనం చూపిన స్వరానికి తప్ప ఎక్కడా వాడకూడదని, గడుల దిద్దుబాటు మృదంగానికీ నట్టువాంగానికీ అసలు వద్దని, పల్లవులు అతికించకూడదని ముందే చెప్పాలి. అభినయం ఉన్న పాట అయితే నర్తకిని తప్పకుండా తీసుకెళ్ళాలి. క్లిక్ గురించి మాత్రం నాకు ఖండితమైన అభిప్రాయం లేదు: జతిస్వరానికి క్లిక్ పెట్టుకుని చేసిన రికార్డింగు మాకు బాగానే వచ్చింది, పిల్లలు సాధన చేసుకోవడానికి అదే మేలు కూడా. ఇంట్లో సాధనకు ఎలక్ట్రానిక్ తంబురా పెట్టుకోవడంలో నాకెప్పుడూ అభ్యంతరం లేదు. 1979లో బెంగళూరులో రాజ్ నారాయణ్ దాన్ని తయారుచేసిన నాటి నుంచి అది ఎన్ని ఇళ్ళలో శ్రుతిని నిలబెట్టిందో మనందరికీ తెలుసు. పదానికీ తరంగానికీ మాత్రం ఒకే గది, ఒకే ఊపిరి కావాలి.

ఒక్క అసంతృప్తి మిగిలింది. మొదటి మిక్సింగులో అడగకుండా చేసిన మార్పులకు కూడా పాట లెక్కన డబ్బు తీసుకున్నారు, అందులో తిరిగి ఇచ్చింది ఏమీ లేదు. అది ముందే రాతలో తేల్చుకోవాల్సింది. మెట్లు కూడా నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు, తంబురా మోసుకుని ఎక్కడం పెద్దవాళ్ళకు కష్టం.

రంగప్రవేశం రోజున అమ్మాయి పళ్ళెం మీద నిలబడిన చోట పాట సరిగ్గా ఆగింది. కానీ ఆగింది ఆమె పాదాల కోసం, ఆ రోజు స్టూడియో గదిలో ఆమె పాదాలు ఎంతసేపు అడిగాయో అంతసేపే. మా దగ్గర ఇప్పుడు తరంగం నేర్చుకుంటున్న రెండో అమ్మాయికి పన్నెండేళ్ళు, పాదాలు ఇంకా చిన్నవి, అంచు పట్టడానికి ఆమెకు దాదాపు నాలుగు సెకన్లు పడుతోంది. దిద్దని మూల రికార్డింగులన్నీ ఒక హార్డ్ డిస్కులో అడిగి తీసుకున్నాను. ఆ ఒక్క చోటు కోసం గాయకురాలినీ మృదంగ విద్వాంసులనూ మళ్ళీ ఆ గదికి తీసుకెళ్ళడానికి వచ్చే నెల రెండో ఆదివారం ఒక పూట మాట్లాడుకున్నాము.